తాయారు ఎరుపు

మా తోడికోడలు మంగతాయారుకు పదో తరగతిలో లెక్కల పేపరు పోయింది. కథ మొదలుపెట్టడానికి ఇదేమంత అవసరమైన సంగతి కాదు. కానీ ఆ రోజుల్లో ఆమె గురించి ఎవరడిగినా నేను ముందుగా చెప్పే ముక్క అదే కాబట్టి ఇక్కడా అదే ముందు చెబుతున్నాను. నా బుద్ధి ఎలాంటిదో చదివేవాళ్ళకు మొదట్లోనే తెలియడం మంచిది.

నా పేరు సుభాషిణి. బందరులో ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. మా అత్తవారిది ఆ దగ్గర్లోనే ఒక అద్దకాల ఊరు. మూడు తరాలుగా బట్టల మీద అచ్చులు అద్ది, రంగు బానల్లో ఉడికించి, కాలవలో జాడించి బతికిన ఇల్లు. మా ఆయన ఆ పని వదిలి బ్యాంకులో చేరారు. మరిది వీర్రాజు మాత్రం అద్దకంలోనే ఉండిపోయాడు. తాయారు అతని భార్య. రెండు కుటుంబాలకూ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. అత్తయ్య ఇద్దరికీ అత్తయ్యే అయినా, ఎక్కువగా తాయారుకు అత్తయ్య.

మేడ మీద గదిలో నా ల్యాబు. ఇళ్ళలో జీవశాస్త్రం ల్యాబులు పెట్టుకోవడానికి అనుమతులు ఇస్తున్న కొత్త రోజులవి. మిక్సీ అంత యంత్రం ఒకటి బజారులోకి వచ్చింది. కావలసిన జన్యువును అక్షరాలుగా టైపు చేస్తే, మర్నాటికల్లా ఆ డి.ఎన్.ఎ.ను తయారుచేసి చిన్న గొట్టంలో బొట్టుగా వదులుతుంది. ఆ బొట్టును బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తే, మొక్కలో జరగవలసిన పని బ్యాక్టీరియా చేసిపెడుతుంది. కొందరు దాంతో మందులు చేశారు, కొందరు అత్తర్లు చేశారు. నేను చిరివేరు ఎరుపు చెయ్యాలనుకున్నాను.

చిరివేరు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. మా ఊరి అద్దకాలకు ఎరుపు దాని వేరులోంచే వచ్చేది. ఆ నేలలన్నీ చేపల చెరువులుగా మారాక వేరు తవ్వేవాళ్ళు లేకుండా పోయారు. దుకాణంలో అమ్మే రంగే గతి అయింది. వేరులో ఆ ఎరుపును తయారుచేసే జన్యువులు ఏడు. ఆ ఏడింటినీ బ్యాక్టీరియాలో పెట్టి, బానలో పెంచి, అసలు ఎరుపును మళ్ళీ తీసుకురావాలని పదకొండేళ్ళు కష్టపడ్డాను. నాకు వచ్చింది పసుపు. అది కూడా గడపకు రాసుకునే పసుపు కాదు, కామెర్లవాడి కళ్ళ రంగు.

ఆదివారాలు ఆ గదిలోనే తరగతి పెట్టేదాన్ని. జీవశాస్త్రంలో కొత్త వస్తువులు తయారుచేయడం మొదటినుంచీ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు పదిహేను ఆదివారాల పాఠం. తొమ్మిదిమంది వచ్చేవాళ్ళు, అందరూ డిగ్రీలున్నవాళ్ళే. మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి తాయారు వచ్చేది. తీసిన బట్టలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి వినేది. రెండో వారం కూడా నిలబడితే లోపలికి రమ్మన్నాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే రమ్మన్నాను. ఏమీ రానివాళ్ళ ముందు అన్నీ వచ్చినదానిలా ఉండటంలో ఒక సుఖముంది.

ఆ సుఖం నాలుగు వారాలు కూడా నిలవలేదు.

జన్యువు ముందు ఒక తునక ఉంటుంది. ఆ జన్యువు ఎంత గట్టిగా పనిచెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో అది చెబుతుంది. దీన్ని ఆరు స్లైడులు వేసి గంటసేపు చెప్పాను. అందరి మొహాలూ చూస్తే ఒక్క ముక్క ఎక్కినట్టు లేదు. తాయారు వెనకనుంచి నెమ్మదిగా అడిగింది, అంటే కరక్కాయ నీళ్ళలాగా అన్నమాటా అని. గుడ్డను చిక్కటి కరక్కాయ నీళ్ళలో ముంచితే అచ్చు ఎర్రగా పట్టుకుంటుంది, పలచటి నీళ్ళలో ముంచితే లేతగా పడుతుంది. అచ్చు ఒకటే, ముందు ఏం చేశామన్నదే తేడా. తొమ్మిదిమందీ నా స్లైడులు వదిలేసి ఆ మాట రాసుకున్నారు. నేను చూశాను.

ఆమె చెయ్యి కూడా అలాంటిదే. బొట్టులో పదో వంతును గొట్టంలోకి పీల్చి, ఇంకో గొట్టంలో వదలాలి. చెయ్యి వణికితే పోయింది. నాకు అది కుదరడానికి ఏళ్ళు పట్టింది. పదేళ్ళుగా సన్నని గీతల మీద రంగు నింపిన ఆ చేతికి రెండు ఆదివారాలు చాలాయి. బాగుందని అనవలసివచ్చింది. బాగుందనే అన్నాను, కానీ ఇంకెవరివైపో చూస్తూ అన్నాను.

పన్నెండో వారం, తరగతి అయిపోయాక ఫ్లాస్కులు కడుగుతూ నా పసుపు ఫ్లాస్కును వెలుతురుకు పట్టి చూసింది.

"అక్కా, ఇది పసుపు కాదేమో. ఎరుపు రాబోయి మధ్యలో ఆగిపోయినట్టుంది."

ఎలా తెలుసని అడిగాను. మంచినీళ్ళలో వేరు ఉడికిస్తే ఇలాగే పాలిపోయిన రంగు వచ్చేదని అత్తయ్య చెప్పిందట. గవ్వల మట్టిలో పెరిగిన వేరుకే ఎరుపు వచ్చేదట. వేరే నేల వేరయితే బానలో గుప్పెడు ఆల్చిప్పల సున్నం వేసేవాళ్ళట. ఇంకో సంగతి కూడా అడిగింది. అద్దకంలో గీత అచ్చు ఆరకముందే నింపుడు అచ్చు వేస్తే రంగు పాకిపోతుంది కదా, ఇక్కడ కూడా ఆఖరి జన్యువు మిగిలినవాటికంటే ముందే తొందరపడుతోందేమో, దాన్ని కాసేపు ఆపగలమా అని.

సున్నం వేస్తే బ్యాక్టీరియా చస్తుందని చెప్పాను. ఒక్క ఫ్లాస్కులో చూస్తానంది. సరే చూసుకోమన్నాను, చిన్నపిల్ల గరిటె అడిగితే ఇచ్చినట్టు. ఆఖరి జన్యువు ముందుండే తునకను మార్చి తనే టైపు చేసుకుంది. సున్నం కూడా తనే నూరి, వడగట్టి, బొట్లు లెక్కపెట్టి వేసింది.

మంగళవారం పొద్దున నేను మేడ ఎక్కేసరికి ఫ్లాస్కు ఎర్రగా ఉంది.

కడుపుమంట అన్నది మాటవరసకు అనే మాట అనుకునేదాన్ని. కాదు, నిజంగానే మండుతుంది, గుండెకూ బొడ్డుకూ నడుమ. ఆ ఎరుపు ఎంత బాగుందంటే, పాత పెట్టెలో దాచిన మామ్మగారి దుప్పటి అంచు రంగే అది. పదకొండేళ్ళు నేను కలగన్నది నా ఎదురుగా ఉంది, కానీ నాది కాదు. దాన్ని సింకులో ఒంపేసి, చెడిపోయిందని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమని ఇప్పుడంటున్నాను కానీ, గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. అప్పటికి మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపించింది.

తాయారు చూసి ఏడ్చేసింది. నన్ను వాటేసుకుని, మీ వల్లే అక్కా అంది. ఆ మాట అబద్ధమని ఇద్దరిలో నాకు మాత్రమే తెలుసు.

తర్వాతి ఆదివారం నాకు ఒంట్లో బాగాలేదని తరగతి మానేశాను. ఆ పై ఆదివారం కాలేజీ పని ఉందన్నాను. అలా చివరి మూడు పాఠాలు మిగిలిపోయాయి. అందులో పదమూడోది, మనం తయారుచేసిన ప్రాణిని అదుపులో ఎలా ఉంచాలన్నది.

అదుపు విషయం మాత్రం నా పనే. ఈ ఎరుపును పెరటి బానల్లో పెంచడానికి అనుమతి కావాలంటే, బ్యాక్టీరియా బయటపడితే బతకకూడదు. ప్రకృతిలో ఎక్కడా దొరకని పొడి ఒకటుంది, ల్యాబులో చేసేదే. అది తినకపోతే చచ్చేలా ఈ బ్యాక్టీరియాను మార్చాను. బానలో బెల్లంతోపాటు ఆ పొడి వేస్తేనే పెరుగుతుంది, కాలవలో పడితే పూట గడవకముందే చస్తుంది. ఇది నేను పెట్టిన తాళం. నాకు గర్వంగానే ఉండేది. అయితే దానికొక నియమం ఉంది. ప్రతి బానా ఫ్రీజరులో దాచిన కొత్త గొట్టంతోనే మొదలవ్వాలి, పని అయ్యాక బాన మొత్తం మరగబెట్టి పారబొయ్యాలి. ఎందుకంటే కోట్లకొద్దీ పిల్లలు పెట్టే జీవికి ఎక్కడో ఒక నకలు తప్పు పడుతుంది. ఆ తప్పుల్లో ఒకటి పొడి లేకుండా బతకడం నేర్చుకుంటుంది. దానికి అంత వ్యవధి ఇవ్వకూడదు. అనుమతి కాగితాల్లో ఇంగ్లీషులో ఇదంతా రాసి నేను సంతకం పెట్టాను. తాయారుకు మాత్రం ఒక గొట్టం, పొడి డబ్బా ఇచ్చి, ఇవి బానలో కలుపు అన్నాను, అంతే.

మొదటి బానకు గొట్టం అడిగింది, ఇచ్చాను. రెండో బానకూ అడిగింది. మూడో బాన పెట్టిన రోజున అడగలేదు.

ఆ రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ పొద్దుటి పేపర్లో ఆమె బొమ్మ పడింది. పదో తరగతి తప్పిన చేతుల్లో పుట్టిన ఎరుపు అని శీర్షిక. ఊరివాళ్ళు అప్పటికే దాన్ని తాయారు ఎరుపు అంటున్నారు, పేపరు కూడా అలాగే రాసింది. బొమ్మలో ఎర్రటి దుప్పటి పట్టుకుని తాయారు, ఆమె కూతురు జాహ్నవి ఉన్నారు. నేనూ ఉన్నాను, నా మోచెయ్యి వరకూ. కింద, పరికరాలు సమకూర్చి సహకరించిన తోడికోడలు అని నా గురించి ఒక ముక్క. పేరు లేదు. మా ఆయన చదివి నవ్వారు. అత్తయ్య పేపరు మడిచి దేవుడి పటం వెనక పెట్టి, పెద్దది చదివింది, చిన్నది చేసింది అంది. ఆవిడ ఏదీ మనసులో పెట్టుకుని అనే మనిషి కాదు, అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

గొట్టం అడగలేదేమిటా అని పెరట్లోకి వెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. బానల పాక ఎదురుగా కనిపిస్తోంది. తాయారు పాత బానలోంచి ఇత్తడి చెంబుతో ఒక చెంబుడు నీళ్ళు ముంచి, కొత్త బానలో పోస్తోంది.

ఎందుకో నాకు వెంటనే తెలిసింది. మా ఇంట్లో వెనకటికి నీలిమందు బానలు ఉండేవి. నీలిమందు బానను అడుగంటా ఒంపరు. పాతనీళ్ళు చెంబుడు ఆపి కొత్త బానలో కలుపుతారు, వాటిని తల్లినీళ్ళు అంటారు. బాన అడుగు కంటపడితే ఇంటికి మంచిది కాదని అత్తయ్య నమ్మకం. ఆ మాట ప్రకారమే తాయారు ఎర్ర బానకూ తల్లినీళ్ళు తీసింది. అద్దకాలవాళ్ళ ఇంట్లో పుట్టి, అద్దకాలవాళ్ళ ఇంటికి వచ్చిన మనిషికి అంతకన్నా సరైన పని ఉండదు. మా శాస్త్రంలో అంతకన్నా తప్పు పని ఉండదు.

వద్దు తాయారూ అనాలి. రెండు మాటలు. నోరు తెరిచాను కూడా. అప్పుడు దేవుడి పటం వెనకనున్న పేపరు గుర్తొచ్చింది. అంతా తెలిసిన మనిషి కదా, ఇది కూడా తనే తెలుసుకోనీ అనుకున్నాను. నోరు మూసుకుని లోపలికి వచ్చి కాలేజీకి తయారయ్యాను.

ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్న కబుర్లు అన్నీ ఇన్నీ కావు. ఒక్క చెంబుతో ఏమవుతుంది, తాళం గట్టిది, వచ్చే బానకు చెబుదాం. వచ్చే బాన వచ్చింది, చెప్పలేదు. దాని తర్వాతిదీ వచ్చింది. ప్రతిసారీ ఎరుపు ఇంకా బాగా వచ్చేది, ఇంకా తొందరగా వచ్చేది. తల్లినీళ్ళ మహిమ అని అత్తయ్య మురిసిపోయేది. బానలో ఏం జరుగుతోందో నాకు తెలుసు. తొందరగా పెరిగేవే మిగులుతున్నాయి, ప్రతి చెంబుతోనూ వాటినే ఏరి ముందుకు పంపుతున్నాం. ఇంట్లో అందరం కలిసి కూర్చుని భోంచేసేవాళ్ళం. జాహ్నవి పళ్ళెంలో అన్నం నేనే కలిపేదాన్ని. తాయారు నాకు గోంగూర వడ్డిస్తూ, మీరు ఈ మధ్య పాకలోకి రావడమే లేదక్కా అనేది. పేపర్లు దిద్దే పని ఉందనేదాన్ని.

ఐదో నెలలో, ఎనిమిదో బాన రంగు తేలిన రోజున ఆమె మేడ మీదికి వచ్చింది.

"అక్కా, ఈసారి మీ పొడి వెయ్యడం మర్చిపోయాం. అయినా ఎరుపు వచ్చింది. మరి అది అక్కర్లేదేమో?"

సరే చూస్తాను అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. ఆమె వెళ్ళాక ఆ బాన నీళ్ళ చుక్కను పొడి లేని ప్లేటు మీద రాశాను. మర్నాడు ప్లేటు నిండా ఎర్రటి చుక్కలు. తాళం ఊడిపోయింది. బ్యాక్టీరియాకు ఇక మేము అక్కర్లేదు.

ఆ ప్లేటు చూసి నాకు ముందు కలిగింది భయం కాదు. సంతోషం. అయింది, ఇప్పుడు తెలుస్తుంది అందరికీ అనుకున్నాను. ఊడినది నా తాళమని, ఊడుతుంటే చూస్తూ కూర్చున్నది నేనని తట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఎనిమిదో బాన బట్టలన్నీ కాలవలో జాడించారు.

మా కాలవ నీళ్ళు కిందికి పోయి చేపల చెరువుల్లోకి ఎక్కుతాయి. చెరువులవాళ్ళు నెలనెలా సున్నం చల్లుతారు, నీళ్ళు బాగుండాలని. సున్నం ఉంటే ఈ బ్యాక్టీరియా చెలరేగిపోతుందని కనిపెట్టింది మేమే. శుక్రవారం ఒక చెరువు ఎర్రబడింది. ఆ పై బుధవారానికి పదకొండు చెరువులు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుచుకున్నాయి. కోసి చూస్తే ముల్లు ముల్లంతా ఎరుపు. ఈ రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, ఎముక అంటే సున్నమే.

తాయారు ఎవరూ అడగకముందే పరిగెత్తుకు వెళ్ళి చెరువులవాళ్ళకు చెప్పింది, అది మా బానలోదే అని. వీర్రాజు పాకలో ఉన్న నీళ్ళన్నీ మరగబెట్టాడు. నేను బ్లీచింగు ఎంత వెయ్యాలో చెప్పాను. ఊరంతా రెండు వారాలు చెరువుల మీదే ఉంది. ఒక్కొక్కటే తేరుకున్నాయి కానీ, ఆ చేపను కొనేవాళ్ళు లేరు, మా గుడ్డను ముట్టుకునేవాళ్ళూ లేరు. ఇది ఎలా జరిగిందో తెలియక తాయారు సతమతమైంది. ఒక తప్పు నకలు పుట్టి ఉండవచ్చని నేను చెప్పాను. అది నిజమే. చెంబు సంగతి మాత్రం చెప్పలేదు.

జాహ్నవికి ఏడేళ్ళు. ముందు పాలపళ్ళు రెండూ ఊడి బోసినోటితో తిరుగుతోంది. ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, పెద్దమ్మా, పన్నొచ్చింది చూడు అని పెదవి పైకెత్తింది. చిగురులోంచి అప్పుడే తల ఎత్తిన పన్ను, దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

నేను పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చెరువులు ఎర్రబడినప్పుడు పుట్టని సిగ్గు అప్పుడు పుట్టింది. అయినా ఆ పూట కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే నన్ను ఈ పిల్లను ముట్టుకోనివ్వరు అనుకున్నాను.

విజయవాడలో డాక్టరు చూసి, కాలవ నీళ్ళతోనో పాకలో తడి చేతులతోనో నోట్లోకి వెళ్ళిన బ్యాక్టీరియా చిగుళ్ళలో కాపురం పెట్టిందన్నాడు. మందులు వాడితే తగ్గుతోంది, ఆపితే తిరిగి వస్తోంది. అది అక్కడున్నన్నాళ్ళూ రంగు ఎముకలోకి దిగుతూనే ఉంటుంది. ఎదిగే ఎముక దాంతో గుల్లబారుతుందా లేదా అంటే ఆయన నిజాయితీగా తెలియదన్నాడు. ఇలాంటిది చూసినవాళ్ళు ఎక్కడా లేరు. దాన్ని అక్కడినుంచి పూర్తిగా వెళ్ళగొట్టే దారి ఎవరైనా ల్యాబులో కనిపెట్టాలి.

విచారణ మా ఊరి హైస్కూలులో జరిగింది. అనుమతులిచ్చే ఆఫీసునుంచి ఇందుమతి అనే అధికారి వచ్చారు, నడివయసు మనిషి, తక్కువ మాట్లాడతారు. బానల లెక్క, గొట్టాల లెక్క పక్కపక్కన పెట్టుకున్నారు. ఎనిమిది బానలకు రెండే గొట్టాలు ఎందుకయ్యాయని తాయారును అడిగారు. తాయారు తల్లినీళ్ళ సంగతి దాచకుండా చెప్పింది. అప్పుడు ఇందుమతి గారు నావైపు ఒకసారి చూసి, తాయారునే అడిగారు.

"అలా చెయ్యకూడదని మీకు నేర్పినవాళ్ళు చెప్పలేదా?"

తాయారు నావైపు చూడలేదు.

"చెప్పారండి. నేనే వినలేదు."

నేను లేచి అబద్ధమని అనవలసింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

తీర్పు అదే రోజు చదివారు. తాయారు ఇక జన్మలో ల్యాబులో అడుగు పెట్టకూడదు, జీవరంగు బాన ముట్టకూడదు. నాకు మందలింపు. నా అనుమతి ఉంటుంది, ఈ బ్యాక్టీరియాకు విరుగుడు వెతికే పని నాకే అప్పగించారు.

ఇంటికి కాలవగట్టు మీదుగా ఇద్దరమే నడిచాం. జాడించే రేవులో ఒక్క గుడ్డ లేదు. కొంతదూరం పోయాక, ఎందుకలా చెప్పావని అడిగాను.

"చెంబు ముంచిన రోజు మీరు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నేను చూశాను" అంది. "తప్పయితే అక్క చెబుతుంది కదా అనుకుని పోశాను."

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేదని నా ప్రాణం కొట్టుకుంది. తెలిసి కూడా నన్నెందుకు కాపాడావని అడిగాను.

"మిమ్మల్ని కాపాడటానికి కాదక్కా. పిల్ల నోట్లోంచి దాన్ని తియ్యాలంటే మన ఇద్దరిలో ఒకళ్ళు ల్యాబులో ఉండాలి. మీరు చదువుకున్నారు. మీకు నాకన్నా ఎక్కువ వచ్చు."

ఆ మాట ఆమె నోటినుంచి వినాలని నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. విన్నాను. గట్టు మీద కూర్చున్నాను. ఆమె ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

నాలుగు వారాలు కాలేజీకి సెలవు పెట్టి ల్యాబులోనే ఉన్నాను. చేతనైనదంతా చేశాను, పుస్తకాల్లో ఉన్నదంతా చేశాను. ప్లేటు మీద చచ్చినది సున్నం తగలగానే బతికి వచ్చేది. తాయారు గదిలోకి రాకూడదు కాబట్టి, పనులు ముగించుకుని మెట్ల మీద కూర్చునేది. నేను ఏం చేశానో గట్టిగా చదివి వినిపిస్తే వినేది. అప్పుడప్పుడూ ఒక ప్రశ్న అడిగేది. చంపాలని చూడటం ఎందుకు, పంటి మీద పట్టు తప్పించలేమా అని ఒక రోజు. ఇంకో రోజు, దీనికి సున్నం రుచి తెలిసేది ఏ జన్యువు వల్ల అని. ఒక్కో ప్రశ్నకు నాకు వారం పని పడేది. నా చేతులు ఆ పని చేసేసరికి ఆమె బుర్ర ఇంకో మూడు మెట్లు పైన ఉండేది. గోడకు ఇవతల కూర్చుని వింటుంటే నాకు అప్పుడు కూడా కడుపు మండింది. సిగ్గుపడ్డాను, ఏడ్చాను, అయినా మండింది. అది ఇక పోదని అర్థమైంది.

జాహ్నవికి రెండో పన్ను మొలిచింది. అదీ ఎరుపే.

ఆ మర్నాడు విజయవాడ బస్సెక్కాను. ఇందుమతి గారి ఆఫీసులో నేను రాసి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. మంగతాయారు చెప్పింది అబద్ధమని, పాతనీళ్ళు వాడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదని, ఆమె వాడుతుంటే నేను మూడో బాననుంచీ చూశానని, దాని ఫలితం నాకు తెలుసని అందులో ఉంది. నా అనుమతి రద్దు చేసి, ఆమె మీది నిషేధం తీసెయ్యమని, ఈ విరుగుడు కనిపెట్టగలిగిన మనిషి ఎవరైనా ఉంటే ఆమేనని చివర రాశాను. ఆ చివరి వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది.

ఇందుమతి గారు కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత కలం మూత తీసి, నన్ను కూర్చోమన్నారు.

"ప్రమాదమని తెలుసు. ఐదు నెలలు ఒకే ఇంట్లో ఉన్నారు. ఎందుకు చెప్పలేదు?"

బస్సులో వస్తూ ఈ ప్రశ్నకు చాలా జవాబులు కూర్చుకున్నాను. పని ఒత్తిడి, తాళం మీద నమ్మకం, మిగిలిపోయిన పాఠాలు. అన్నీ కాగితం మీద పెట్టదగినవే.

"ఆమె నాకన్నా బాగా నేర్చుకుంది" అన్నాను.

ఆవిడ ఆ ముక్క రాసుకుని, మిగిలినది కూడా నేను చెబుతానని కలం పట్టుకుని చూస్తున్నారు. మిగిలినది ఏమీ లేదని చెప్పాను.